ఓవర్‌క్లాకింగ్ కోసం ర్యామ్ ఎంపిక: పెట్టె మీది అంకె ఒక్కటే చూస్తే చాలదు

కొత్త డెస్క్‌టాప్ పేర్చుకుని ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయాలనుకునేవారు (తయారీదారు నిర్ణయించిన దానికన్నా ఎక్కువ వేగంతో నడపాలనుకునేవారు) ముందుగా అడిగేది ఒకటే: "ఎన్ని మెగాహెర్ట్జ్ ర్యామ్ కొనాలి?" దీనికి ఒక్క వాక్యంలో జవాబు చెప్పవచ్చు. ఏఎం5 సాకెట్టులో కూర్చునే ఏఎండీ రైజెన్ 7000, 9000 ప్రాసెసర్లకు డీడీఆర్5 6000, సీఎల్30 (సీఎల్ అంటే డేటా రావడానికి పట్టే ఆలస్యం లెక్క), ఒకే కిట్‌లో వచ్చిన రెండు స్టిక్కులు. తొందరలో ఉన్నవారు ఇక్కడితో ఆగి కొనుక్కున్నా నష్టపోరు. కానీ ఆ అంకె 8000 కాకుండా 6000 ఎందుకైంది, 6000 అనే రాసి ఉన్న రెండు కిట్లలో ఒకదానికి ఎక్కువ ధర ఎందుకు పలుకుతోంది అన్నది తెలిస్తేనే డబ్బు సరైన చోట ఖర్చవుతుంది. 2025 చివర్లో మెమరీ ధరలు ఒక్కసారిగా పెరిగాక ఈ తెలివిడి ఇంకా అవసరమైంది.

ఇక్కడ ప్రధానంగా ఏఎం5 గురించే చెబుతున్నాను. ఇంటెల్‌కూ, పాత డీడీఆర్4 బోర్డులకూ తేడా ఉన్నచోట ఆ మాట విడిగా చెబుతాను.

మొదటి మెట్టు: ర్యామ్‌కూ ప్రాసెసర్ వేగానికీ ఉన్న సంబంధం తెలుసుకోండి

ప్రాసెసర్ వేగం పెంచాలంటే వేగమైన ర్యామ్ ఉండి తీరాలన్న నమ్మకం ఇప్పటికీ చాలామందిలో ఉంది. ఒకప్పుడు అది నిజమే. 2006లో వచ్చిన ఇంటెల్ కోర్ 2 డ్యుయో ఈ6300ని తీసుకోండి. దాని బస్ (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే దారి) వేగం 266 మెగాహెర్ట్జ్, గుణకం 7. రెండిటినీ గుణిస్తే 1.86 గిగాహెర్ట్జ్. గుణకాన్ని పెంచే వీలు లేదు కనుక బస్‌నే 400కు తీసుకెళ్లి 2.8 గిగాహెర్ట్జ్ రాబట్టేవారు. మెమరీ వేగం ఆ బస్‌కే ముడిపడి ఉండేది. అందుకే డీడీఆర్2 800 లాంటి స్టిక్కులు లేకపోతే ప్రాసెసర్ కంటే ముందు ర్యామే చేతులెత్తేసేది.

ఇప్పుడు ఆ ముడి లేదు. కోర్ల వేగాన్ని గుణకంతోనో, ఏఎండీలో పీబీఓ (విద్యుత్తు హద్దులను సడలించేది), కర్వ్ ఆప్టిమైజర్ (వోల్టేజిని సర్దేది) సెట్టింగులతోనో పెంచుతాం. మెమరీ తన వేగంతో తాను నడుస్తుంది. 4800 ర్యామ్ పెట్టుకుని కూడా కోర్లను వాటి చివరి హద్దు దాకా తీసుకెళ్లవచ్చు. కాబట్టి వేగమైన ర్యామ్ కొనడం ప్రాసెసర్ ఓవర్‌క్లాక్‌కు తప్పనిసరి షరతు కాదు, అది రెండో ఓవర్‌క్లాక్. ర్యామ్‌తో మాట్లాడే మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్ లోపలే ఉంటుంది గనుక ఈ రెండో భారం కూడా ప్రాసెసర్ మీదే పడుతుంది. రైజెన్ 7000కు ఏఎండీ అధికారికంగా చెప్పిన మెమరీ వేగం 5200, రైజెన్ 9000కు 5600. అంతకు మించినదంతా, పెట్టె మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, ఏఎండీ లెక్కలో ఓవర్‌క్లాకింగే. దానివల్ల జరిగే నష్టానికి వారంటీ వర్తించదు.

అయినా వేగమైన ర్యామ్ వల్ల ప్రయోజనం ఉంది. ఆటలు, ఫైళ్ల కుదింపు, కోడ్ కంపైలింగ్ వంటి పనుల్లో ప్రాసెసర్ తరచూ మెమరీ కోసం ఎదురుచూస్తుంది. కోర్ల వేగాన్ని ఓ వంద మెగాహెర్ట్జ్ పెంచడం కన్నా ఆ ఎదురుచూపును తగ్గించడమే చాలాసార్లు ఎక్కువ ఫలితమిస్తుంది.

రెండో మెట్టు: మీ ప్రాసెసర్, బోర్డు దేనికి ఒప్పుకుంటాయో చూడండి

ఇది చిన్న పనే, కానీ వదిలేస్తే మిగతాదంతా వృథా. ఇంటెల్ 12 నుంచి 14వ తరం దాకా కోర్ల గుణకం పెంచాలంటే పేరు చివర 'కే' ఉన్న ప్రాసెసర్, జెడ్ వర్గపు (జెడ్690, జెడ్790) బోర్డు రెండూ కావాలి. బీ660, బీ760 బోర్డులు మెమరీ వేగాన్ని మాత్రమే పెంచనిస్తాయి. హెచ్610 దేనికీ ఒప్పుకోదు, దాని మీద 6000 కిట్ పెట్టడం అనవసర ఖర్చు. 'కే' లేని ప్రాసెసర్లలో కంట్రోలర్‌కు అందే సిస్టమ్ ఏజెంట్ వోల్టేజిని మార్చనివ్వరు కాబట్టి మంచి బోర్డు మీద కూడా మెమరీ ఎక్కువ పైకి వెళ్లదు. ఏఎండీలో బీ650 రెండింటికీ సరిపోతుంది. ఏ620లో మెమరీ పెంచవచ్చు, కోర్లను పెంచలేం.

ఎక్స్3డీ ప్రాసెసర్ కొంటున్నవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. 7800ఎక్స్3డీ వంటి వాటిలో 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) ఉంటుంది. ఆటలకు కావాల్సిన సమాచారంలో పెద్ద భాగం అక్కడే దొరికిపోతుంది గనుక ఖరీదైన ర్యామ్ వల్ల కనిపించే తేడా బాగా తగ్గుతుంది. ఆ డబ్బును గ్రాఫిక్స్ కార్డుకు మళ్లించడమే మంచిదని నా అభిప్రాయం. దీనికి పూర్తిగా వ్యతిరేకం 8700జీ లాంటి, గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్లు. వాటి గ్రాఫిక్స్ ఈ ర్యామ్ మీదే బతుకుతాయి, కాబట్టి అక్కడ వేగానికి పెట్టిన ప్రతి రూపాయికీ విలువ ఉంది.

మూడో మెట్టు: 6000 ఎందుకో అర్థం చేసుకోండి

ఏఎం5లో మూడు గడియారాలు నడుస్తుంటాయి. ఒకటి మెమరీది, ఒకటి మెమరీ కంట్రోలర్‌ది, ఇంకొకటి కోర్ల చిప్‌నూ కంట్రోలర్ ఉన్న చిప్‌నూ కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్‌ది. డీడీఆర్ అంటేనే ఒక్కో గడియార చక్రానికి రెండుసార్లు డేటా పంపడం. అందువల్ల 6000 అని రాసి ఉన్న ర్యామ్ గడియారం నిజానికి 3000 మెగాహెర్ట్జ్. సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో 3000 అని చూసి సగం వేగమే వస్తోందని కంగారుపడనవసరం లేదు. 6000 అన్నది మెగాహెర్ట్జ్ కాదు, సెకనుకు 600 కోట్ల బదిలీలు.

6000 దగ్గర కంట్రోలర్ కూడా మెమరీతో సమానంగా 3000 మీద నడుస్తుంది. ఈ సమాన నడక ఎక్కువ ప్రాసెసర్లలో 6000 దాకా హాయిగా, అదృష్టముంటే 6400 దాకా సాగుతుంది. అది దాటితే కంట్రోలర్ సగం వేగానికి దిగిపోతుంది. 8000 కిట్ పెట్టినప్పుడు మెమరీ 4000 మీద, కంట్రోలర్ 2000 మీద నడుస్తాయి. వేగంలో సంపాదించింది ఆలస్యంలో పోతుంది.

ఇంకో కారణం ఫ్యాబ్రిక్. దాని వేగం సాధారణంగా 2000 మెగాహెర్ట్జ్. కోర్ల చిప్ ఒక్కో చక్రానికి 32 బైట్లు చదవగలదు. అంటే 7600, 7700 లాంటి ఒకే చిప్ ఉన్న ప్రాసెసర్ చదవగలిగే గరిష్ఠం సెకనుకు 64 గిగాబైట్లు. రెండు ఛానెళ్ల డీడీఆర్5 6000 కాగితం మీద 96 గిగాబైట్లు ఇవ్వగలదు. ర్యామ్ ఇవ్వగలిగిందే పూర్తిగా అందుకోలేని ప్రాసెసర్‌కు 8000 కిట్ కొనిపెట్టి ఏం లాభం? ఈ ఒక్క లెక్క ఆలోచిస్తే ఏఎం5 మీద ఖరీదైన కిట్ల మోజు తీరిపోతుంది.

ఏఎండీ పాత సాకెట్టు ఏఎం4లోనూ లెక్క ఇలాంటిదే, అంకెలు వేరు. రైజెన్ 5000లో ఫ్యాబ్రిక్, కంట్రోలర్, మెమరీ మూడూ సమానంగా నడిస్తేనే మేలు. ఆ హద్దు 1800 నుంచి 1900 మధ్య ఉంటుంది గనుక డీడీఆర్4 3600 సరైన ఎంపిక, 3800 అదృష్టవంతులకు.

ఇంటెల్ దారి వేరు. 12వ తరం నుంచి డీడీఆర్5 ఎలాగూ గేర్ 2లో, అంటే కంట్రోలర్ సగం వేగంతోనే నడుస్తుంది. కాబట్టి అక్కడ వేగం పెరిగేకొద్దీ ఫలితం ఉంటుంది, హద్దును ప్రాసెసర్‌లోని కంట్రోలర్, బోర్డు నాణ్యత రెండూ నిర్ణయిస్తాయి. 2024 అక్టోబరులో వచ్చిన కోర్ అల్ట్రా 200ఎస్ ప్రాసెసర్లతో సీయూడిమ్ స్టిక్కులు వాడుకలోకి వచ్చాయి. గడియార సంకేతాన్ని శుభ్రం చేసి పంపే చిన్న చిప్ ఆ స్టిక్కు మీదే ఉంటుంది, 8000 పైన స్థిరంగా నడవడానికి అది బాగా తోడ్పడుతుంది. ఏఎం5లో మాత్రం ఆ చిప్‌ను పక్కకు తప్పించే నడుపుతారు, అక్కడ దానికోసం ఎక్కువ చెల్లించకండి.

నాలుగో మెట్టు: సీఎల్ అంకెను నానోసెకన్లలోకి మార్చి పోల్చండి

సీఎల్30 అంటే అడిగిన డేటా రావడానికి 30 గడియార చక్రాలు పడుతుందని. చక్రం నిడివి వేగాన్ని బట్టి మారుతుంది కాబట్టి సీఎల్ అంకెలను నేరుగా పోల్చకూడదు. సీఎల్‌ను 2000తో గుణించి, ర్యామ్ వేగంతో భాగించండి, నానోసెకన్లు వస్తాయి.

డీడీఆర్5 6000 సీఎల్30 అయితే సరిగ్గా 10 నానోసెకన్లు. అదే 6000 సీఎల్36 అయితే 12, సీఎల్40 అయితే 13.3. డీడీఆర్5 4800 సీఎల్40 దాదాపు 16.7. డీడీఆర్4 3200 సీఎల్16 కూడా 10 నానోసెకన్లే. "డీడీఆర్5 సీఎల్ అంకెలు పెద్దవి, అది నెమ్మది" అనే వాదన ఎంత పొరపాటో ఈ లెక్కలోనే తేలిపోతుంది. డీడీఆర్4 3600 సీఎల్16 అయితే 8.9, సీఎల్18 అయితే మళ్లీ 10.

కొనేటప్పుడు నా వరస ఇది: ముందు ప్రాసెసర్‌కు తగిన వేగం, ఆ తర్వాత అదే వేగంలో తక్కువ నానోసెకన్లు. 6000 సీఎల్30కీ సీఎల్36కీ ధరలో తేడా కొద్దిగా ఉంటే సీఎల్30 తీసుకోండి. తేడా ఎక్కువగా ఉంటే సీఎల్36తో కూడా సుఖంగా ఉండవచ్చు. 6000 సీఎల్28 కోసం మాత్రం పెద్ద మొత్తం చెల్లించకండి.

ఐదో మెట్టు: హీట్‌సింక్ కింద ఏ చిప్పులు ఉన్నాయో ఆరా తీయండి

ఓవర్‌క్లాకింగ్ ఇష్టపడేవారికి అసలు కథ ఇక్కడే ఉంది. ర్యామ్ అమ్మే కంపెనీలు చాలా ఉన్నా, లోపలి మెమరీ చిప్పులు ప్రధానంగా శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ తయారుచేసినవే. పైన రంగుల దీపాలు ఏవి వెలిగినా, వేగాన్ని ఎంత పెంచగలమో, టైమింగులను, అంటే సీఎల్ లాంటి ఆలస్యపు అంకెలను, ఎంత బిగించగలమో (తగ్గించగలమో) లోపలి చిప్పు చెబుతుంది.

డీడీఆర్4 కాలంలో శాంసంగ్ బీ-డై అనే చిప్పు రకానికి ఉన్న పేరు మరే చిప్పుకీ రాలేదు. వోల్టేజి పెంచేకొద్దీ టైమింగులు తగ్గుతూ పోయేవి. డీడీఆర్5లో ఆ స్థానం ఎస్‌కే హైనిక్స్‌ది. 16 గిగాబిట్ల ఎం-డై, దాని తర్వాతి ఏ-డై రెండూ 6000 సీఎల్30ని 1.35 నుంచి 1.4 వోల్టుల దగ్గర తేలిగ్గా మోస్తాయి. ఏ-డై అంతకంటే చాలా పైకి వెళ్తుంది, అయితే ఆ ఎత్తు అక్కరకొచ్చేది ఇంటెల్ వైపే.

పెట్టె విప్పకుండా కనిపెట్టడమెలా? టైమింగులే మొదటి ఆధారం. 6000 సీఎల్30, ఆ వెంట 36-36 లేదా 38-38 అని ఉండి 1.35 వోల్టులు రాసి ఉంటే లోపల హైనిక్స్ ఉండే అవకాశం చాలా ఎక్కువ. కోర్సేర్ స్టిక్కుల లేబుల్ మీద 'వెర్' అనే అక్షరాల పక్కన ఒక సంఖ్య ఉంటుంది. అందులో మొదటి అంకె 3 అయితే మైక్రాన్, 4 అయితే శాంసంగ్, 5 అయితే హైనిక్స్. కొన్న తర్వాత సీపీయూ-జెడ్‌లోని ఎస్‌పీడీ పేజీలో చిప్ తయారీదారు పేరు చూసుకోవచ్చు. ఒకే మోడల్ పేరుతో కంపెనీలు మధ్యలో చిప్పులు మార్చేస్తుంటాయి. ఆరు నెలల కిందటి సమీక్ష చదివి అదే చిప్పు వస్తుందని ధీమా పడకండి.

ఆరో మెట్టు: ఎన్ని గిగాబైట్లు, ఎన్ని స్టిక్కులు

రెండే. నాలుగు వద్దు. బోర్డు మీద నాలుగు స్లాట్లు ఖాళీగా కనిపిస్తే నింపాలనిపిస్తుంది కానీ, నాలుగు స్టిక్కులు పెడితే రైజెన్ 7000కు ఏఎండీ అధికారికంగా హామీ ఇచ్చే వేగం 3600కు పడిపోతుంది. 6000 దగ్గర నాలుగింటినీ నిలబెట్టడం కొన్నిసార్లు సాధ్యమే, కానీ దానికి చాలా ఓపిక, మంచి కంట్రోలర్ రెండూ కావాలి. "ఇప్పుడు రెండు కొని, డబ్బులు సమకూరాక మరో రెండు చేరుద్దాం" అనే ఆలోచన ఓవర్‌క్లాక్ చేసేవారికి పనికిరాదు. అదే మోడల్ మరో కిట్ కొన్నా రెండూ కలిసి నడుస్తాయన్న హామీ తయారీదారు ఇవ్వడు. ఎంత కావాలో ఇప్పుడే తేల్చుకుని ఒకే కిట్ తీసుకోండి.

ఆటలకూ రోజువారీ పనులకూ రెండు 16లు, అంటే 32 గిగాబైట్లు చక్కగా సరిపోతాయి. వీడియో ఎడిటింగ్, వర్చువల్ మెషీన్లు ఉన్నవారు రెండు 32ల కిట్ తీసుకోవచ్చు. వాటిలో చిప్పులు రెండు వరసలుగా ఉంటాయి కనుక కంట్రోలర్‌కు భారం కొంచెం ఎక్కువ, అయినా 6000 చాలా ప్రాసెసర్లకు అందుతుంది. రెండు 24ల కిట్‌లో 24 గిగాబిట్ల చిప్పులు ఒకే వరసలో ఉంటాయి, ఓవర్‌క్లాకింగ్‌కు బాగా లొంగుతాయి. నాకు నచ్చిన మధ్యేమార్గం అదే. 8 గిగాబైట్ల డీడీఆర్5 స్టిక్కుల జోలికి మాత్రం పోకండి. వాటిలో ఎనిమిదికి బదులు నాలుగే వెడల్పు చిప్పులు ఉంటాయి, డేటాను దాచే విభాగాలైన బ్యాంక్ గ్రూపులు సగానికి తగ్గుతాయి, అదే వేగం దగ్గర కూడా వెనకబడతాయి.

ఏడో మెట్టు: వేడి, ఎత్తు

మన ఎండల్ని లెక్కలోకి తీసుకోకుండా విదేశీ సమీక్షలు చదివి ర్యామ్ ఎంచుకోవడం సరికాదు. ఆ పరీక్షల్లో గది ఉష్ణోగ్రత సాధారణంగా 20 నుంచి 25 డిగ్రీలు. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఏసీ లేని గదిలో 38 డిగ్రీలు మామూలే. గది ఎంత వేడెక్కితే ర్యామ్ కూడా దాదాపు అంత వేడెక్కుతుంది, పైగా గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడిగాలి నేరుగా స్టిక్కులకు తగులుతుంది. మెమరీ కణాల్లోని విద్యుదావేశం వేడికి త్వరగా కారిపోతుంది. అందుకే జనవరిలో ఒక్క తప్పూ లేకుండా నడిచిన టైమింగులు మే నెలలో తప్పులు చూపిస్తాయి. ముఖ్యంగా రిఫ్రెష్ మధ్య విరామాన్ని పెంచే టీరెఫీ సెట్టింగును లాగినప్పుడు ఇది జరుగుతుంది. డీడీఆర్5 స్టిక్కుల్లో ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటుంది, హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోలో చూడవచ్చు. బాగా బిగించిన టైమింగులతో నడిపేవారు పూర్తి భారం మీద 55 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే మంచిది. ఎక్కువ వోల్టేజి కోరే కిట్ కన్నా 1.35 వోల్టుల కిట్ మన వాతావరణానికి నప్పుతుంది.

ఎత్తు సంగతి తేలికే. పెద్ద ఎయిర్ కూలర్ వాడుతుంటే దాని కింద ఎంత జాగా ఉందో చూడండి. నాక్టువా ఎన్‌హెచ్-డీ15కు రెండు ఫ్యాన్లు బిగిస్తే ర్యామ్‌కు 32 మిల్లీమీటర్లే మిగులుతుంది. దీపాలున్న స్టిక్కులు 44 మిల్లీమీటర్లు, కొన్ని అంతకంటే ఎక్కువ ఎత్తు కూడా ఉంటాయి.

ఎనిమిదో మెట్టు: కొనేటప్పుడు

బోర్డు తయారీదారు వెబ్‌సైట్‌లో పరీక్షించిన మెమరీ జాబితా ఉంటుంది. మీ బోర్డు జాబితాలో మీరు కొనబోయే కిట్ పూర్తి మోడల్ నంబరు ఉందో లేదో చూడండి. ఏఎండీకైతే పెట్టె మీద ఎక్స్‌పో గుర్తు, ఇంటెల్‌కైతే ఎక్స్‌ఎంపీ గుర్తు ఉండటం మేలు. పెట్టె మీద రాసిన వేగం, టైమింగులను ఒక్క ఎంపికతో అమలుచేసే ప్రొఫైళ్లు ఇవి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా ఆ నంబరునే అక్షరం వదలకుండా అడగండి. "అదే కంపెనీ, అదే 6000" అని చూపించే కిట్ సీఎల్40 కావచ్చు. సీల్ ఉన్న ఒకే పెట్టెలో రెండు స్టిక్కులు ఉండాలి, విడివిడిగా రెండు వద్దు. బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించుకోండి, వారంటీకి అవే ఆధారం. సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ స్టిక్కులు చవగ్గా దొరుకుతాయి కానీ మామూలు డెస్క్‌టాప్ బోర్డు మీద అవి పనిచేయవు.

తొమ్మిదో మెట్టు: బిగించి, పరీక్షించి, ఆ తర్వాతే కోర్ల జోలికి

ముందు బోర్డు బయాస్‌ను (బోర్డు లోపల ఉండి మెషీన్‌ను మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్‌ను) కొత్త వెర్షన్‌కు మార్చండి. ఇది మొక్కుబడి సలహా కాదు. 2023 ఏప్రిల్‌లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు సాకెట్టులోనే కాలిపోయిన ఉదంతాలు బయటపడ్డాయి. ఆ తర్వాత ఏఎండీ కొత్త ఫర్మ్‌వేర్ ద్వారా ఎస్ఓసీ వోల్టేజిని (మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి అందేదాన్ని) 1.3 వోల్టులకు పరిమితం చేసింది. ఇంటెల్ 13, 14వ తరాల్లో కొన్ని ప్రాసెసర్ల అస్థిరతకు 2024లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు బయాస్ ద్వారా వచ్చాయి. అవి లేకుండా ర్యామ్‌ను నిందిస్తే అసలు దోషం దొరకదు.

స్టిక్కులను ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగో స్లాట్లలో పెట్టండి. ఏఎం5లో మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు మెమరీని సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది, తెర నల్లగానే ఉంటుంది. ఆ సమయంలో కరెంటు తీసేయకండి.

ఎక్స్‌పో ఆన్ చేశాక బయాస్‌లో రెండు విషయాలు చూడండి. ఎస్ఓసీ వోల్టేజి 1.3 దాటకూడదు, 1.2 నుంచి 1.25 మధ్య చాలా ప్రాసెసర్లకు సరిపోతుంది. కంట్రోలర్ గడియారం మెమరీతో సమానంగా ఉండాలి. కొన్ని బోర్డులు దానంతట అవే సగానికి దించేస్తాయి.

కోర్లు మామూలు వేగంలో ఉండగానే మెమరీని పరీక్షించండి. రెండూ ఒకేసారి పెంచితే మెషీన్ ఆగిపోయినప్పుడు దోషం ఎక్కడుందో ఎప్పటికీ తేలదు. ముందు పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86, తర్వాత విండోస్‌లో టెస్ట్‌మెమ్5, చివరగా వై-క్రంచర్ లేదా ప్రైమ్95లోని లార్జ్ ఎఫ్ఎఫ్‌టీ పరీక్ష నడపండి. రాత్రంతా నడిస్తే మంచిది. ఒక్క తప్పు కూడా ఒప్పుకోవద్దు. మెమరీ తప్పు మెషీన్‌ను ఆపకుండానే ఫొటోలనూ ఫైళ్లనూ లోలోపల పాడుచేస్తుంది, మీరు గమనించేసరికి బ్యాకప్‌లోకి కూడా ఆ పాడైన ఫైళ్లే చేరి ఉంటాయి. డీడీఆర్5లో తప్పులు దిద్దే ఏర్పాటు ఉందని నిశ్చింతగా ఉండకండి. అది చిప్పు లోపలి తప్పులను మాత్రమే దిద్దుతుంది, దారిలో జరిగేవాటిని కాదు.

తప్పులు వస్తే ముందు ఎస్ఓసీ వోల్టేజిని ఓ 0.02 పెంచి చూడండి, హద్దు దాటకుండా. అప్పటికీ వస్తే ర్యామ్ వేగాన్ని 5800కో 5600కో దించండి. 5600 దగ్గర గట్టిగా నిలిచిన మెషీన్‌కూ 6000 దగ్గర నిలిచినదానికీ రోజువారీ పనిలో తేడా కనిపెట్టడం కష్టం. అక్కడ కూడా తప్పులొస్తే ఒక్కో స్టిక్కును విడిగా పరీక్షించండి. ఒకటే తప్పులు చూపిస్తుంటే కిట్ మొత్తాన్ని మార్పిడికి పంపండి.

మెమరీ గట్టిపడ్డాక ఆ సెట్టింగులను బయాస్‌లో ఒక ప్రొఫైల్‌గా భద్రపరచుకుని, అప్పుడు కర్వ్ ఆప్టిమైజర్‌తోనో గుణకంతోనో కోర్లను పెంచడం మొదలుపెట్టండి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో 'వియా' (WHEA) పేరుతో హార్డ్‌వేర్ లోపాలు నమోదవుతున్నాయేమో అప్పుడప్పుడు చూడండి. కోర్లు పెంచడం పూర్తయ్యాక మెమరీ పరీక్షను మరోసారి నడపండి, వీలైతే మధ్యాహ్నం గది బాగా వేడిగా ఉన్న వేళ. బయాస్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ ఈ సెట్టింగులు చెరిగిపోవచ్చు, పాత ప్రొఫైల్ కొత్త వెర్షన్‌లో తెరుచుకోకపోవచ్చు కూడా. వోల్టేజీలనూ టైమింగులనూ ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.